ఆదిబాబు అయిదో తీగ

జంషెడ్‌పూర్ తెలుగువాళ్ళ చవితి ఆర్కెస్ట్రా అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది కుసుమ గొంతు. ఆ తర్వాత మాండలిన్, ఆ తర్వాత డ్రమ్ములు. వెనకాల నిచ్చెనంత గిటారు పట్టుకుని నిలబడే పొడుగాటి మనిషి మాత్రం ఎవరికీ గుర్తు రాడు. చప్పట్లు కొట్టేవాళ్ళలో సగంమందికి ఆయన వాయిస్తున్నాడో, ఊరికే పట్టుకు నిలబడ్డాడో కూడా తెలియదు. ఆయన పేరు ఆదిబాబు. ఈ కథ ఆయనది. కుసుమ గొంతు గురించి చెప్పడానికి వేరేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, వాళ్ళనే అడగండి.

ఆదిబాబుది టెక్కలి అవతల ఓ పల్లె. అరవై ఆరులో, పందొమ్మిదేళ్ళ వయసులో మేనమామ వెంట రైలెక్కి టాటానగర్‌లో దిగాడు. దిగిన వారానికే ఇనప తీగలు లాగే ఒక మిల్లులో పనికి కుదిరాడు. మిల్లు పేరెందుకులెండి, అన్ని మిల్లులదీ ఒకటే గోల. వేలెడు లావు కడ్డీని గట్టి బిళ్ళకున్న బెజ్జంలోంచి లాగుతారు. సన్నబడిన దాన్ని ఇంకా చిన్న బెజ్జంలోంచి లాగుతారు. అలా లాగగా లాగగా కడ్డీ కాస్తా తీగ అవుతుంది. లాగుతున్నంతసేపూ అది పెట్టే కేకకి పక్కవాడి నోరు ఆడటం కనిపిస్తుందే గానీ మాట వినబడదు. తీగ తెగిందంటే కొరడాలా లేచి మొహం మీదికొస్తుంది. తెగబోయే ముందు కనిపెట్టడమే అక్కడ పనితనం.

ఆ పనితనం నేర్పినవాడు తవిటయ్య. మిల్లులో అందరికన్నా పాతకాపు. ఆదిబాబుని మొదటిరోజే చెప్పులు విప్పించి, యంత్రం ముందున్న చెక్క మీద నిలబెట్టి, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు:

"సెవులు ఇంటికాడ ఇడిసీసి రా. ఇక్కడ అరికాలితో ఇను."

కుర్రాడు నవ్వుకున్నాడు. నాలుగో నెలలో ఒకరోజు కాలికింద చెక్క మామూలుగా వణికే వణుకు మారింది. ఏదో లోతుగా, మెల్లగా, మూలుగులాంటిది అరికాలిలోంచి మోకాలి దాకా పాకింది. ఎందుకో తెలియకుండానే చెయ్యి వెళ్ళి మీట కిందికి లాగింది. యంత్రం ఆగింది. తీగ చివర టప్‌మని తెగి, పాములా అతని కాళ్ళ దగ్గర చల్లగా పడిపోయింది. ఇనుము కూడా చెప్పే చస్తుందన్నమాట. చెప్పేది చెవికి కాదు, అంతే. ఆ ఆశ్చర్యం ఆయన్ని జీవితంలో మళ్ళీ వదల్లేదు.

పెళ్ళి మేనమామ కూతురు జోగమ్మతో అయింది. వాళ్ళు కాపురం పెట్టిన వరసలో అందరూ మిల్లుల్లో, సుత్తి షాపుల్లో పనిచేసేవాళ్ళే. ఆ వరసలో ఒక వింత ఉండేది. ఆడవాళ్ళు మొగుళ్ళని నోటితో పిలవరు. మొగుడి పేరు చెప్పకూడదనే పాతకాలపు పట్టింపు అనుకునేరు, అదేం కాదు. మంచం కోడుకి మడమతో తంతారు. రెండు తన్నులు తంతే ఇటు చూడమని, మూడు తంతే అన్నం చల్లారుతోందని. పగలంతా చెవులు చిల్లులు పడేలా మోత విని వచ్చినవాడికి ఇంట్లో మళ్ళీ కేకలెందుకని అలా మొదలైందట. కొన్నేళ్ళకి జోగమ్మా అలాగే పిలవడం మొదలుపెట్టింది. వీధి అలవాటు ఇంటికి రాకుండా ఉంటుందా అనుకున్నాడు ఆదిబాబు.

ఆర్కెస్ట్రాలోకి ఆయన రావడమూ తీగ వల్లే. దాన్ని నడిపేది ఉమామహేశ్వర్. పెద్ద ఇంజినీరు, సంగీతమంటే ప్రాణం. కుసుమ ఆయన చెల్లెలే. కలకత్తా నుంచి ఓ బేస్ గిటారు తెప్పించారు గానీ, దానికి ఓనాడు లావు తీగ పుటుక్కుమంది. కొత్తది రావడానికి నెల పడుతుందన్నారు. ఆ మాట ఎవరో మిల్లులో చెబితే ఆదిబాబు ఆదివారం పూట ఉక్కు తీగ ఒకటి తీసుకుని, దానిమీద మెత్తటి రాగి తీగ సందు లేకుండా చుట్టి పట్టుకొచ్చాడు. బిగించి మీటితే కలకత్తా తీగకన్నా గట్టిగా పలికింది. అసలు ఆ బేస్ వాయించడానికి ఎవరికీ మనసు లేదు. రాగం లేదు, ఆలాపన లేదు, దుమ్‌దుమ్ అనడం తప్ప. అంచేత చుట్టినవాణ్ణే వాయించమన్నారు. అది డెబ్బై మూడో సంవత్సరం.

అందరూ వద్దన్న ఆ దుమ్‌దుమ్ ఆదిబాబుకి తెలిసిన శబ్దమే. ఊళ్ళో ఆయన పెదనాన్న జముకు వాయించేవాడు. ఒక పక్క తోలు బిగించిన కుంచంలాంటిది, తోలు మధ్యలోంచి ఒక నరం. కుంచాన్ని చంకలో ఇరికించి నరం మీటుతూ ఉంటే పక్కన కథ చెప్పేవాళ్ళు అమ్మవారి కథ చెప్పేవారు. చిన్నప్పుడు ఆదిబాబు పెదనాన్నకి ఆనుకుని కూచునేవాడు. కథలో అమ్మవారు నడిచొచ్చే ఘట్టంలో జముకు మూలిగితే తన పొట్ట లోపల ఎవరో నడిచినట్టుండేది. ఆ మూలుగూ, తీగ తెగబోయే ముందు చెక్కలోంచి వచ్చే మూలుగూ ఒకటేనని ఆయనకి ఇన్నేళ్ళకి తోచింది. తోచినవాడు ఊరుకుంటాడా?

ఎనభైలో పట్టుకుంది పిచ్చి. నాలుగు తీగలూ చాలవన్నాడు. అన్నిటికన్నా లావు తీగ కిందకి ఇంకొకటి కావాలన్నాడు. హార్మోనియంలో ఎడమవైపు చివరి మెట్టు ఉంటుంది కదా, దాన్ని దాటాక పెట్టె అయిపోతుంది. పెట్టె లేకపోయినా అక్కణ్ణుంచి మరో పదిహేను మెట్లు దిగుదామన్నాడు ఈయన. పిచ్చి కుదిరింది, తలకి రోకలి చుట్టమన్నట్టు, మొదట ఉన్న తీగనే వదులు చేశాడు. అది పలకడం మానేసి కర్రకి టపటపా కొట్టుకుంది. సరేనని లావు తీగ చుట్టాడు. అది ఇనప కడ్డీలా బిగుసుకుని టింగుమంది. లావైతే మొరాయిస్తుంది, వదులైతే వేలాడుతుంది. ఒకటే దారి, గిటారు మెడ పొడుగు చెయ్యడం. ఓ పాత గుమ్మం తాలూకు టేకు కమ్మీ సంపాదించి, దాన్ని చెక్కి, అయిదు తీగల కొత్త గిటారు చేశాడు. నిలబెడితే ఆయన భుజం దాటి వచ్చింది. వేళ్ళు మెట్టు నుంచి మెట్టుకి అందాలంటే చెయ్యి బారజాపాలి. రిక్షాలో పెడితే మనిషికి చోటుండదు.

తీగ పలికింది, స్పీకరు పలకలేదు. మొదటి రిహార్సల్‌లోనే దాని కాగితం బర్రున చిరిగింది. సాక్చీ బజారులో రేడియోలు బాగుచేసే షాపువాడు దాన్ని చూసి, దీంతో ఏం వాయించారు, రోడ్డు రోలరా అని అడిగాడట. ఆదిబాబు బీరువా అంత పెట్టె చేసి పెద్ద స్పీకరు బిగించాడు. అప్పుడు కిటికీ అద్దాలు గడగడలాడాయి. హార్మోనియం మీదున్న టీ గ్లాసు దానంతటది నడుచుకుంటూ వెళ్ళి కింద పడింది. ఇన్నీ కదిలాయి గానీ, మనిషి చెవికి మాత్రం ఏదో లారీ వీధి చివర ఆగినట్టు తప్ప మరేమీ తెలియలేదు. ఆదిబాబు మాత్రం పెట్టె మీద పాదం ఆనించి, కళ్ళు మూసుకుని, ఆహా అనుకునేవాడు. ఏటికేడూ ఇంకా కిందకి శ్రుతి దింపేవాడు. ఇంకా కింద ఇంకా బాగుందనేవాడు.

ఉమామహేశ్వర్‌ని తప్పు పట్టడానికి లేదు. ఆరేళ్ళు భరించాడు. పాట నడుస్తుంటే ఆ అయిదో తీగ వల్ల మిగతావన్నీ బురదలో నడిచినట్టు అవుతున్నాయి. ఆదిబాబు కళ్ళు మూసుకుని వాయిస్తూ సైగలు అందుకోవడం లేదు, ఒకటి చెబితే నవ్వి తల ఊపి ఇంకొకటి వాయిస్తున్నాడు. ఎనభై ఆరు చవితికి వారం ముందు, రిహార్సల్ అయ్యాక, ఆయన ఎదురుగా వచ్చి నిలబడి నిదానంగా చెప్పాడు.

"ఆదిబాబూ, నువ్వు వాయించేది నీకు తప్ప ఎవరికీ వినబడటం లేదు. చవితికి నాలుగు తీగలే. అయిదోది ముట్టుకున్నావంటే అదే మన దగ్గర నీ ఆఖరి పాట."

మిల్లులో ఇరవై ఏళ్ళు పెదవులు చూసి మాట పట్టినవాడు, ఒక్క ముక్క పోకుండా పట్టాడు. తల ఊపాడు. ఆర్కెస్ట్రా లేకపోతే ఆయనకి మిగిలేది ఆ మిల్లూ, ఆ చెక్కా.

ఇంటికొచ్చి జోగమ్మ ముందు మాత్రం చిందులు తొక్కాడు. వాళ్ళకి చెవుల్లేవన్నాడు. లోకంలో ఇంత పెద్ద శబ్దం ఉంటే ఒక్కడికీ వినబడదేమన్నాడు. ఈమధ్య అందరూ మాటలు కూడా ముద్ద నోట్లో పెట్టుకుని మాట్లాడుతున్నారన్నాడు. బియ్యం ఏరుకుంటున్న జోగమ్మ చేట కింద పెట్టి లేచి, దగ్గరికి వచ్చి, ఆయన గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది.

"ఇనపడనిది ఆళ్ళకి కాదు బావా. నీకు."

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

"ఆరేళ్ళయింది. నాను నిన్ను నోటితో పిలిచినానేటి?"

ఆదిబాబు ఒప్పుకోలేదు. పందెం వేసినట్టు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఏదో ఒక చప్పుడు చెయ్యి, వెంటనే చెయ్యెత్తుతానన్నాడు. నిలబడ్డాడు. చెవులు రిక్కించాడు. దూరంగా టాటానగర్ వైపు పోయే గూడ్సు బండి బరువు పాదాలకి తెలిసింది. అంతకు మించి ఏమీ లేదు. ఎంతకీ మొదలుపెట్టదేమని విసుక్కుని వెనక్కి తిరిగాడు.

జోగమ్మ చేతిలో దేవుడి గంట ఉంది. చెయ్యి ఆపకుండా ఊగుతూనే ఉంది. గుమ్మంలో పక్కింటి బంగారమ్మ, ఈ వేళకాని వేళ హారతి ఏమిటా అనుకుంటూనే, చేతులు జోడించి నిలబడి ఉంది. గంట నాలుక అటూ ఇటూ కొట్టుకోవడం ఆదిబాబుకి స్పష్టంగా కనిపించింది.

ఆ మనిషి ఎలా అయిపోయాడో నేను చెప్పలేను. వెళ్ళి మంచం మీద కూచున్నాడు. ఏటికేడూ తీగ ఎందుకు దింపుతూ వచ్చాడో ఒక్కొక్కటే తెలిసొచ్చింది. ఆయన చెవిలోంచి మాండలిన్ వెళ్ళిపోయింది, కుసుమ పాటలో మాటలు వెళ్ళిపోయాయి, పై నుంచి ఒక్కొక్క మెట్టే ఊడిపోతూ వస్తుంటే, మిగిలిన శబ్దం వెంట ఈయన కిందకి దిగుతూ పోయాడు. దాన్నే విద్య అనుకున్నాడు. అందరికీ చెవుల్లేవని తిట్టాడు. సిగ్గుతో చచ్చిపోయాడు పాపం. ఈ చవితికి నాలుగు తీగల మీద మర్యాదగా వాయించేసి, తర్వాత తనంతట తనే మానేద్దామని నిర్ణయించుకున్నాడు. అయిదో తీగ ముట్టుకోననీ, ముట్టుకుని గెంటించుకోననీ జోగమ్మ ముందు ఒట్టేశాడు.

చవితికి మూడు రోజుల ముందు నుంచీ కుండపోత. పందిరి కింద మోకాలి లోతు బురద. స్టేజీ ఎలా వేస్తారని అందరూ తలలు పట్టుకుంటే, మన శ్రీకాకుళం బుర్రలు ఊరుకుంటాయా? ఖాళీ నూనె పీపాలు పాతిక తెచ్చి వరసగా పేర్చి, మీద చెక్కలు పరిచారు. ముందువరసలో కూచునే పెద్దవాళ్ళు బురదలో కాళ్ళు పెట్టకూడదని స్టేజీ నుంచి వాళ్ళ కుర్చీల కింద దాకా అవే చెక్కలు సాగదీశారు, వాటికిందా పీపాలే. ఆ ముందువరస ఎప్పుడూ రిటైరైన పనివాళ్ళది. సుత్తి షాపు, రోలింగ్ మిల్లు, తీగల మిల్లు, అన్నీ చూసొచ్చిన ముసలాళ్ళు. ఇస్త్రీ చొక్కాలేసుకుని వచ్చి, మొదటి పాట నుంచి ఆఖరి పాట దాకా చిరునవ్వుతో కూచుని, వెళ్ళిపోతారు. ఎంత శ్రద్ధగా వింటారో చూడండర్రా అని పిల్లలకి వాళ్ళనే చూపించేవారు. తవిటయ్య సరిగ్గా మధ్యలో కూచున్నాడు.

సాయంత్రం దీపాలు పెట్టగానే మొదలైంది. ఆదిబాబు నాలుగు తీగల మీదే వాయిస్తున్నాడు. కుసుమ వీపు, డ్రమ్ముల కర్ర చూసుకుంటూ లెక్క తప్పకుండా వాయిస్తున్నాడు. ఉమామహేశ్వర్ ఒకసారి తిరిగి చూసి మెచ్చుకోలుగా తల ఊపాడు కూడా. రెండు పాటలయ్యాయి. మూడోది కుసుమ అమ్మవారి పాట ఎత్తుకుంది. అప్పుడు ఆదిబాబు చూపు ముందువరస మీద పడింది.

తవిటయ్య నవ్వుతూ తల ఊపుతున్నాడు. ఆ ఊపు పాటతో కలవడం లేదు. పక్కాయన నవ్వుతున్నాడు, ఆయన తల ఇంకోలా ఊగుతోంది. వరస వరసంతా అంతే. ఇన్నేళ్ళూ ఆ వరసని చూశాడు గానీ ఆ నవ్వు ఏమిటో ఆయనకి తెలియలేదు. వారం రోజులుగా అద్దంలో అదే నవ్వు చూస్తున్నాడు కనక ఇప్పుడు తెలిసింది. ఏమీ వినబడనివాడు మర్యాద కోసం నవ్వే నవ్వు అది. ఆ వరసలో పన్నెండుమందీ ఎన్నేళ్ళ నుంచో పండగకి వచ్చి, గోడ ముందు కూచున్నట్టు కూచుని వెళ్ళిపోతున్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని నవ్వుకోవడానికి బావుంటుంది సామెత. ఆదిబాబుకి మాత్రం కళ్ళు నిండిపోయాయి.

పాటలో అమ్మవారు గడప దాటే చరణం వచ్చింది. ఒట్టూ గుర్తు లేదు, ఉమామహేశ్వర్ మాటా గుర్తు లేదు, ఆయన బొటనవేలు అయిదో తీగ మీదికి వెళ్ళింది.

ఖాళీ పీపాలు లేకపోతే ఆ తీగ ఆ రోజు కూడా గొణిగి ఊరుకునేదే. ఆరేళ్ళుగా దానికి లేనిది ఆ డొల్లే. జముకుకి కుంచం ఎంతో దీనికి ఆ పాతిక పీపాలూ అంత. స్పీకరు పెట్టె చెక్కల్ని కదిపింది, చెక్కలు పీపాల్ని లేపాయి. పందిరి కింది గాలి బరువెక్కింది. వెనకెక్కడో పిల్లలు ఏడుపు మాని చూశారు. కుసుమ ఒక్క క్షణం ఉలిక్కిపడింది గానీ ఆపలేదు. ఇన్నాళ్ళూ గాల్లో తేలే ఆవిడ పాట కిందికి నేల వచ్చి చేరినట్టయింది. ఉమామహేశ్వర్ కోపంగా వెనక్కి తిరిగాడు. తిరిగినవాడు అలాగే ఉండిపోయాడు.

ముందువరసలో తవిటయ్య నవ్వు ఆగిపోయింది. వంగి తన కాళ్ళకేసి చూసుకున్నాడు. మెల్లగా చెప్పులు విప్పి, రెండు అరికాళ్ళూ చెక్కకి ఆనించాడు. పక్కాయన ఆయన్ని చూసి తనూ విప్పాడు. వరసంతా విప్పారు. ఇప్పుడు పన్నెండు తలలూ ఒక్కలాగే ఊగుతున్నాయి, పాటతో. తవిటయ్య పెదవులు కదిలాయి. వాటిని చదవడం ఆదిబాబుకి కొత్తా?

"జముకురా."

ఆ ముసలాయన కళ్ళంట ధారగా నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా లేదు. ఇంత పెద్ద శబ్దం తన చేతిలో ఉందంటే ఆదిబాబుకే నమ్మకం కలగలేదు. చరణం అయ్యేదాకా, ఆ చరణం కోసం కుసుమ మూడుసార్లు తిప్పి పాడేదాకా, అయిదో తీగ వదల్లేదు.

పాట అయిపోయింది. వెనక జనం చప్పట్లు కొట్టడం ఆదిబాబుకి కనిపించింది. అవి ఎప్పటిలా కుసుమవే అనుకున్నాడు. మాట తప్పాడు, అంచేత శిక్ష తనే వేసుకోవాలి. వైరు ఊడబెరికి, గిటారు భుజాన వేసుకుని, స్టేజీ పక్క మెట్లవైపు నడిచాడు. ఎవరి మొహమూ చూడలేదు.

నాలుగడుగులు వేశాడో లేదో, అరికాలికింద రెండు దెబ్బలు పడ్డాయి. ఆగాడు. అలా పిలిచేది ఇంట్లో మనిషి. ఆడవాళ్ళవైపు చూశాడు. జోగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూచునే ఉంది, కదల్లేదు. మళ్ళీ రెండు దెబ్బలు. ఈసారి చూశాడు. తవిటయ్య మడమ. దాని వెంట పక్కాయన మడమ. తర్వాత వరస వరసంతా, రెండేసి రెండేసి, చెక్క మీద. ఇటు చూడు, ఇటు చూడు.

ఉమామహేశ్వర్‌కి ఆ పిలుపు తెలియదు. బంగళాల్లో మంచం కోళ్ళని ఎవరు తంతారు? ముసలాళ్ళనీ ఆదిబాబునీ మార్చి మార్చి చూశాడు. తర్వాత వంగి, బూట్ల తాళ్ళు విప్పాడు. మేజోళ్ళు కూడా తీసేసి ఉత్తికాళ్ళతో చెక్క మీద నిలబడ్డాడు. ఆ మడమల దెబ్బలు ఒంట్లోకి ఎక్కుతుంటే బడిపిల్లాడిలా నోరు తెరిచాడు. మైకులో ఏదో చెప్పబోయి, మైకు దించేశాడు.

ఆదిబాబు మెట్టు మీద ఒక కాలు పెట్టి ఉన్నాడు. అప్పుడు వెనక నుంచి, బాగా దగ్గరగా, అలవాటు లేని మడమ ఒకటి తడబడుతూ చెక్కని రెండుసార్లు కొట్టింది. ఆయన వెనక్కి తిరిగాడు. ఊడబెరికిన వైరు చేత్తో పట్టుకుని ఉమామహేశ్వర్ నిలబడి ఉన్నాడు.